పొద్దు గూకే లోపల

పెళ్లయిన కొత్తలో పాస్టరుగారు మాకు ఒక్కటే చెప్పారు: ఎఫెసీ పత్రిక 4:26 ఇంట్లో పాటించండి, చాలు. కోపం వస్తే రానీ, పొద్దు గూకేసరికి వదిలెయ్యాలని దాని సారం. నేను తల ఊపేశాను. మా శ్రీకాకుళంలో పొద్దు ఎన్నింటికి గూకుతుందో అప్పటికి లెక్క చూసుకోలేదు.

మాది తూర్పు తీరం. సూర్యుడు కళింగపట్నం సముద్రంలోంచి బేగి లేస్తాడు, అంత బేగీ వెళ్లిపోతాడు. డిసెంబరులో అయిదున్నర కాకుండానే అస్తమయం. అయిదింటికి ఇల్లు చేరే గుమస్తాకి అలగడానికి మిగిలేది అరగంట కూడా కాదు. హైదరాబాదులో ఉన్న మా తోడల్లుడికైతే ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ. 1870ల్లో కెనడా నుంచి ఈ వైపు వచ్చిన బాప్టిస్టు మిషనరీల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ల నోవా స్కోషియాలో జూన్‌లో రాత్రి తొమ్మిదిదాకా పొద్దు ఉంటుంది. అంత వ్యవధి ఇస్తే నేనూ భక్తుణ్ణే.

అందుకని ఉపాయం పన్నాను. పగలు వచ్చిన కోపాన్ని దాచిపెట్టి, పొద్దు గూకాక బయటికి తీసేవాణ్ణి. ఇక మర్నాటి సాయంత్రందాకా ఢోకా లేదు, అంతా వాక్యం ప్రకారమే! మా ఇంట పగటిపూట ఒక్క కోపపు మాట వినపడదని సంఘంలో లేచి సాక్ష్యం కూడా చెప్పాను. మా ఆవిడ ఆడవాళ్ల వరసలోంచి నా వంక చూసిన చూపుకి ఆ సాక్ష్యం కాస్త కురచైంది.

ఇంటికొచ్చాక అడిగింది: "ఏటండీ, మజ్జానం తిన్న నెత్తళ్ల పులుసులో ఉప్పెక్కువైందని మీకు దీపాలెట్టేక తెలుస్తాదేటి?"

రాజీపడాలన్నా తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి ఎత్తుకుని వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడతాను. పాపం, ఆయన (1803–1890) పాపులు దేవుడి ముందు కరగాలని రాసుకున్నారు. నేను టీ కోసం వాడుకుంటున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జిల్లా అంతా కూలిన కొబ్బరిచెట్ల బెంగలో ఉంటే, నేను ముందురోజు రాత్రి మొదలెట్టిన అలకలో ఉన్నాను. గడువు ఆ సాయంత్రమే. ఆకాశమంతా మబ్బు. "సూర్యుడే కనపళ్లేదు, ఇంక గూకడమేటి? గడువు పెరిగినట్టే," అని తేల్చేశాను. ఆవిడ ఏమీ అనలేదు.

తెల్లారి లేచి టీ అడిగాను.

"నిన్నటి పొద్దే ఇంకా గూకలేదన్నారు కదా. తెల్లారిందని మీకెవరు చెప్పేరు? పడుకోండి," అని తన గ్లాసులో టీ ఊదుకుంటూ తాగింది.

నేను గొంతు సవరించుకున్నాను.