ఒక నెమలియీక ఆత్మకథ

నేను పుట్టినది నల్లమల యడవిలో, పెరిగినది పుస్తకములలో. శివరాత్రికి శ్రీశైలము వెళ్లిన ఒక అవ్వ, విభూతిపొట్లముతోపాటు నన్నును చేతిసంచిలో నిడుకొని వచ్చి, కృష్ణయొడ్డునున్న తన పల్లెలో మనుమని చేతికిచ్చినది. ఆ పసివాడు నన్ను రెండవ తరగతి వాచకములో దాచి, నేను పిల్లలు పెట్టుదునను గట్టి నమ్మకముతో తాటాకు తునకలు మేతగా వేసి, దినమునకు పదిమారులు పుట విప్పి చూచెడివాడు. నాకు పిల్లలు కలుగలేదు. వాడు పెద్దవాడై, ఆ యూరి బడిలోనే ఉపాధ్యాయుడై, సాయంకాలములందు గ్రంథాలయపు తాళపుచెవి మొలలో దోపుకొని తిరుగువాడైన పిదపకూడ నన్ను విడువలేదు.

చారిత్రక నవలల బీరువా మా మాష్టారికి ప్రాణము. మంచి నవల యేదైన నిమ్మని వచ్చినవారికి ఆయన వెంటనే పుస్తకమీయక, నాట్లు పడినవా, ఇంట నెవరెవరున్నారు అని కొంత తడవు ముచ్చటించి, మొదట మనిషిని చదివి, ఆ తరువాతనే బీరువా తెరచి ఒక పుస్తకము తీసి, అందొక పుటలో నన్నుంచి, “ఈ ఈక దాకా చదువు. అప్పటికీ మనసు పట్టకపోతే తెచ్చిచ్చెయ్యి, నేనేమీ అనుకోను” అనెడివారు. ఆ పుట యేదియో నిర్ణయించుటయందే ఆయన విద్వత్తంతయు నుండెను.

బుర్రకథ యనిన తెల్లవారుదాక కదలని యొక రైతునకు ఆయన అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ నిచ్చిరి. రుద్రమదేవి కాలమున, జరుగబోవు పెండ్లినుండి పెండ్లికొడుకునే యెత్తుకొనిపోయిన వీరుని కథ యది. మూడవనాడు ఆ రైతు నన్ను బల్లపై బెట్టి, “ఈక దగ్గర ఆగడానికి ఆ గుర్రాలు ఆగితేనా మాష్టారూ!” అనెను. ఆ బాపిరాజుగారిదే ‘హిమబిందు’, బొమ్మలు వేయు నలవాటుగల యొక కుర్రవానికి దక్కినది. శాతవాహనుల నాటి నగరములను, నగలను, విషకన్యను చిత్రకారుడైన రచయిత వర్ణించినచోట నెల్ల ఆ కుర్రవాడు పెన్సిలు చేతబట్టి నిలిచిపోవుటచే, నేనా పుటలలో రెండు మాసములు సుఖనిద్ర పోయితిని. నా యంచున నేటికిని నల్లని సీసపుబొగ్గు మరక గలదు.

బర్మాలో యుద్ధము చేసి వచ్చిన సిపాయికి తెన్నేటి సూరిగారి ‘చెంఘిజ్ ఖాన్’. తండ్రి విషప్రయోగమున మరణింప, సొంత తెగయే విడనాడగా ఆకలితో నలమటించిన టెముజిన్ అను బాలుడే లోకము గడగడలాడిన ఖాను డగుట చదివి, ఆయన తన పటాలపు కథలు చెప్పుట మాని, ఎదుటివారి కథలు వినుట మొదలిడెను. మాష్టారి మేనత్తకు విశ్వనాథవారి ‘ఏకవీర’. మధురను నాయకరాజు లేలుచున్న కాలమున, కుట్టాన్ సేతుపతి, వీరభూపతి అను నిద్దరు మిత్రులలో ఒకరు వలచిన కన్య యింకొకరికి భార్యయైన కథ యది. ఆమె లాంతరు వెలుతురున దానిని ముగించి, మరునా డుదయమున తెచ్చి యిచ్చి, కథను గూర్చి యొక్కమాటైన పలుకక, ఆ పుస్తకమునే మరల తీసికొని పోయెను.

మాష్టారును పొరబడక పోలేదు. నోరి నరసింహశాస్త్రిగారి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’, ‘మల్లారెడ్డి’ వరుసగా చదివినవానికి రాజరాజనరేంద్రుని కొలువునుండి కాకతీయులమీదుగా రెడ్డిరాజుల దాక బాట తెలియునని నమ్మి, పండ్రెండేండ్ల బాలునకు మొదటిదాని నిచ్చిరి. ఆరు నెలలు నేను ఉంచినచోటనే యుంటిని. పుస్తకము తిరిగి వచ్చినప్పుడు ఆయన నన్ను చూచి, “తప్పు నాదే, ఆకలి తెలుసుకోకుండా వడ్డించాను” అనుకొనిరి.

ఒకనాడు పట్నమునుండి వచ్చిన పండితు డొకడు, “ఈ నవలల్లో ఉన్నదంతా శాసనాల్లో ఉందటండీ?” అని పరిహసించెను. మాష్టారు నిదానముగా, “1261 నాటి మల్కాపురం శాసనం మీకు తెలియనిది కాదు. రుద్రమదేవి కాలంలో ప్రసూతిశాలకు, వైద్యశాలకు ఆదాయంలో వంతులు ఏర్పడ్డాయని అందులో ఉంది. ఆ ప్రసూతిశాలలో మొదటి బిడ్డ ఏడ్చినప్పుడు గుమ్మం బయట ఎవరు నిలబడ్డారో అందులో లేదు. ఆ గుమ్మం దగ్గరికి వెళ్లడానికే నవల. శాసనం ఒద్దనడానికి కాదు” అనిరి. పండితుడు నవ్వి, వెళ్లునప్పుడు ‘రుద్రమదేవి’ని తీసికొనిపోయెను, ఈక మాత్రము వలదనెను.

కాలక్రమమున మాష్టారి కన్నులకు పొర గ్రమ్మినది. నా కన్నును వెలిసినది. నీలము బూడిదవన్నె కెక్కి, కేసరములు సగము రాలినవి. ఒక సాయంకాలము సిపాయి మనుమరాలు, తొమ్మిదవ తరగతి పిల్ల, బీరువానుండి మల్లాది వసుంధరగారి ‘తంజావూరు పతనము’ తీసికొని ఆయన యింటికి వచ్చెను. మాష్టారికి విజయరాఘవనాయకుని యంతమును, 1673లో ఆ రాజ్యము కూలిన తీరును తెలియును. గాని ఆ నవలను మాత్ర మెన్నడును తెరచి చూడలేదు. పిల్ల బల్లమీదనున్న నన్ను తీసి, ముందే చూచి పెట్టుకొనిన పుట విప్పి, అందుంచి, “తాతగారూ, ఈ ఈక దాకా వినండి. నచ్చకపోతే ఆపేద్దాం, నేనేమీ అనుకోను” అనెను.

ఆయన నవ్వి, కుర్చీ ముందుకు జరుపుకొనిరి. పిల్ల చదువుచుండెను. నేనున్న పుట వచ్చినది. ఆమె నన్ను తీసి బల్లపై బెట్టి ఆయన ముఖము వంక చూచెను. “ఊఁ, తరువాత?” అనిరి మాష్టారు. దీపములో చమురు రెండుమారులు పోసినారు. ఆ రాత్రి నన్ను మరల పుస్తకములో నుంచుట యెవరికిని జ్ఞాపకము రాలేదు.