ఫిర్యాదు క్లోజ్, నల్లా కూడా క్లోజ్

హైదరాబాద్‌కు నీళ్లు రావడమంటే చిన్న విషయం కాదు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనతో తలపెట్టిన గండిపేట చెరువు 1920లో పూర్తయింది. ఏడేళ్లకు హిమాయత్‌సాగర్ తోడైంది. ఆ తర్వాత మంజీరా, సింగూరు. అవీ చాలక 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణను, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరిని పట్టుకొచ్చారు. నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో పరుగెత్తి, పంపులు నెడుతుంటే ఎత్తులెక్కి నగరానికి చేరే ఈ నదులు కాలనీ చివరి గల్లీ మొదట్లో చతికిలపడతాయి. మిగిలిన వంద అడుగులూ నడిపించే పూచీ ఫిర్యాదుది.

ఫిర్యాదు పుట్టేది వాట్సాప్ గ్రూపులో. ‘నల్లా వచ్చిందా?’ అని ఒకరు. ‘మాకు రాలే’ అని పదిమంది. మధ్యలో ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం. ‘సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లాలి’ అని కాలనీ సంఘం అధ్యక్షుల వారు సెలవిస్తారు. ఎవరు తీసుకెళ్లాలో మాత్రం చెప్పరు. చివరికి కాలక్షేపం లేని రిటైర్డు ఉద్యోగి ఒకాయన ఫోనెత్తుకుంటాడు.

ఏ ఊరి నీళ్ల ఆఫీసు కాల్ సెంటరైనా అక్కణ్నుంచి తంతు ఒకటే. కాసేపు పాట వినిపిస్తారు. కనెక్షన్ నంబరు అడుగుతారు. టోకెన్ నంబరు ఇస్తారు. సాయంత్రానికల్లా ఫోను టింగుమంటుంది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవలకు ఎన్ని చుక్కలు ఇస్తారు?’ పెద్దాయన ఆశగా నల్లా తిప్పుతాడు. బుస్సుమని గాలి, ఆ వెనకే గుప్పెడు తుప్పునీళ్లు. చుక్కలు ఇవ్వాల్సింది నల్లా కదా, తననెందుకు అడుగుతున్నారో ఆయనకు అర్థం కాదు.

నిజానికి ఈ వ్యవస్థలో సర్వాధికారి లైన్‌మన్. రోడ్డు మధ్య గుంత మూత లేపి, పొడుగాటి ఇనుప కీ దింపి, వాల్వును ఎన్ని చుట్లు తిప్పాడన్నదే ఆ పూట కాలనీ జాతకం. మేనేజర్ల సంతకాలన్నీ ఆ కీ ముందు దిగదుడుపే. పట్టుకుని అడిగితే ఆయన మాట ఆయనకుంటుంది: ‘నీళ్లు ఇడిసినం కద సార్, మీ గల్లీ ఎత్తు మీద ఉంది. ముందటోళ్లు మోటార్లు పెడుతున్రు, నేనేం చెయ్యాలె?’

ఆ మాట అబద్ధమూ కాదు. గల్లీ మొదట్లోని ఇళ్లవాళ్లు నల్లా పైపుకే మోటారు తగిలించి లాగేస్తారు. ప్రెషర్ చచ్చి చివరి ఇళ్లకు గాలే మిగులుతుంది. అంతటితో ఆగదు. పైపుకు ఎక్కడైనా చిల్లుంటే పక్కన పారే మురుగును కూడా మోటారు లోపలికి పీల్చుకుంటుంది. 2025 వేసవిలో నగర నీళ్ల బోర్డు జలమండలి ఇలాంటి మోటార్ల మీద దాడులకు దిగి, 5,000 రూపాయల జరిమానా అంది. అయినా నీళ్లు రావడం లేదన్న వినతిపత్రం మీద మొదటి సంతకం చాలాచోట్ల మోటారు ఓనరుదే. రెండోది ఆయన తమ్ముడిది.

ఇక ట్యాంకర్ మహిమ. పైపులో వంద అడుగులు నడవలేని అదే కృష్ణ, అదే గోదావరి, డబ్బు కట్టి బుక్ చేస్తే చక్రాలెక్కి గుమ్మం ముందు దిగుతాయి. అప్పుడు గల్లీ ఎత్తూ అడ్డురాదు, ప్రెషరూ అడ్డురాదు. మరమ్మతు పేరు చెప్పి నల్లా ఆపిన రోజున కూడా ఫిల్లింగ్ స్టేషన్ దగ్గర ట్యాంకర్ల వరుస కరగదు.

చెయ్యాల్సింది మరీ బ్రహ్మవిద్య కాదు. ఫిర్యాదు మూసే అధికారం ఆఫీసుకు కాక, నల్లా కింద బిందె పెట్టుకుని కూర్చున్న మనిషికి ఉండాలి. ఏ వాల్వు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూశారో గల్లీ మొదట్లో బోర్డు మీద రాయాలి. కాలనీవాళ్లు ముందు తమ మోటార్లు పీకి, ఆ తర్వాత జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కు ఫోన్ చేయాలి. నీళ్లు రాకుండానే ఫిర్యాదు క్లోజయితే మళ్లీ తెరిపించాలి.

అంతవరకూ లెక్క ఇలా ఉంటుంది: 2021 జనవరిలో మొదలైన పథకం కింద నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. అవే నీళ్లు నల్లాలో రాక 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు తెప్పించుకుంటే, ఒక్కోటి 500 చొప్పున, 2,000 రూపాయలు.