ఆర్‌ఎక్స్ 100 రిపేరు చిట్టీ: టీకా తాత్పర్య విశేషములు

మూలం:

బ్లాకు బోరు కొట్టి పిస్టన్ కిట్టు ఏసినం.
క్రాంకు సీళ్లు మార్చినం.
సామాను ఒరిజినలే. లేబరు ఏరే.

అవతారిక: యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో పుట్టి 1996లో నిలిచిపోయిన టూ స్ట్రోక్ బండి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో స్పోర్ట్స్ కారు కొనలేనివారికి, కొనగలవారిలోనూ కొందరికి, స్పోర్ట్స్ కారంటే ఇదే. అట్టి బండి యజమానికి మెకానిక్ రాసిచ్చిన చిట్టీ ఇది.

టీక: బ్లాకు = సిలిండర్; బోరు కొట్టి = అరిగిన లోపలి గోడను లేత్ షాపులో సమంగా చెక్కించి; పిస్టన్ కిట్టు = పిస్టన్, రింగులు, పిన్ను, లాకులు; ఏసినం = బిగించితిమి; క్రాంకు సీళ్లు = క్రాంకు కొసల వద్ద గాలి జొరకుండా ఆపే రబ్బరు చుట్లు; సామాను = విడిభాగాలు; ఒరిజినలే = విశేషములలో చూడుడు; లేబరు = కూలి; ఏరే = ఈ మొత్తంలో చేరనిది.

తాత్పర్యం: బండి బాగైనది. చిట్టీలోని అంకె చివరి అంకె కాదు.

విశేషములు: టూ స్ట్రోక్ ఇంజిన్ పీల్చిన గాలి ముందు క్రాంకు కేసులోకి వెళ్లి, తర్వాత సిలిండర్‌కు ఎక్కుతుంది. కనుక గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు లారీల వెనక తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్‌ను మరిస్తే, ఆ దుమ్ము బేరింగునూ బోరునూ రెంటినీ అరగదీస్తుంది. బోరు కొట్టిన ప్రతిసారీ పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ కావాలి. ఒక మిల్లీమీటరు దాటితే కొత్త లైనరే గతి. ఇక్కడొక చమత్కారం ఉన్నది. బోరు 50, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు గల ఈ ఇంజిన్ సామర్థ్యం పుట్టుకతో 98 సీసీయే. రెండోసారి బోరు కొట్టి 50.5 చేసినప్పుడు గాని అది 100కు చేరదు. అనగా, కంపెనీ పెట్టిన పేరును నిజం చేసేది లేత్ షాపు.

సీళ్లు చిల్లర ఖర్చు. కాని అవి కారితే మిశ్రమంలో గాలి ఎక్కువై, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఈ ఒక్క పద్దు మీద బేరమాడినవాడు మళ్లీ మొదటి పాదానికే వస్తాడు.

'ఒరిజినలే'లోని ఏకారం అవధారణార్థకం. బండి ఆగిపోయి మూడు దశాబ్దాలు కావస్తున్నందున కంపెనీ డబ్బాలోని సామాను అరుదు, అందుకే ప్రియం. డూప్లికేటు మాత్రం సులభం. అడగకముందే వచ్చిన అవధారణం శంకకు తావిస్తుంది గనుక పాత పిస్టన్‌నూ కొత్త డబ్బానూ చూపమని అడుగుట శిష్టాచారం.

'లేబరు ఏరే' అన్నచోట అసలు స్పోర్ట్స్ కారుతో భేదం తెలుస్తుంది. ఫెరారీ ఎఫ్355కు టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజినే కిందికి దించాలి. అక్కడ బెల్టు కంటే కూలి బరువు. కరీంనగర్ షెడ్డులో కూలి తేలిక, సామాను బరువు. కూలి కాక మరో ఖర్చూ ఉన్నది: 20 ఏళ్లు దాటిన బైకుకు ఆర్సీ రెన్యువల్ ఫీజు 2025లో రెండు వేల రూపాయలైంది. చివరి ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ వయసు దాటినదే. చిట్టీలో కనబడని ఈ ఖర్చును సైతం 'ఏరే' కిందనే అన్వయించుకోవలెను.