పనిచేయుచున్న టెలిస్కోపు

హనుమకొండలో ఒక బడి స్టోర్‌రూమ్‌లో, విరిగిన క్యారమ్ బోర్డులకీ గాలిపోయిన వాలీబాల్‌కీ మధ్య గోడకు జారగిలబడ్డ తెల్ల గొట్టాన్ని నేను. ఆరంగుళాల అద్దం నాది. రెండు గాజుబిళ్లల మధ్య కార్బోరండం పొడి వేసి నెలల తరబడి అరగదీస్తే తయారైందట. ఆ సంగతి నాకంతగా గుర్తులేదు. హేలీ తోకచుక్క కోసం నన్ను చేయించారు, నా జ్ఞాపకాలు అక్కడి నుంచే.

1986 మార్చిలో తెల్లవారుజామున బడి డాబా మీద జనం బారులు తీరారు. పేపర్లో చూసిన బారెడు తోక కనిపిస్తుందనుకున్నారు పాపం. నాలోంచి కనబడిందేమో ఒక మసక మచ్చ. "గింతేనా సార్?" అంటూ ఒకాయన మెట్లు దిగిపోయాడు. ఫిజిక్స్ సారు నొచ్చుకోలేదు. ఇదే చుక్క 1222లో గణపతిదేవుడు ఓరుగల్లు ఏలుతుండగా వచ్చింది, 1301లో ప్రతాపరుద్రుడి హయాంలో మళ్లీ వచ్చింది, మన వేయిస్తంభాల గుడి అప్పటికే ఉంది అని చెప్పాడు. చూసేసినవాళ్లు మళ్లీ వచ్చి వరుసలో నిలబడ్డారు.

జనం పోయాకే నా అసలు పని. శని వలయాలు చూపించి చప్పట్లు కొట్టించుకోవడం ఏ టెలిస్కోపైనా చేస్తుంది. కొత్తది పట్టాలంటే మాత్రం పాతదంతా కంఠతా రావాలి. సారు ఒక్కో గెలాక్సీ చుట్టూ ఉన్న చుక్కల్ని నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసుకుని, కొన్నాళ్లకు మళ్లీ అక్కడికే నన్ను తిప్పేవాడు. పట్టికలో లేని మసక ఏదైనా తగిలితే గంటో రెండు గంటలో ఆగి చూసేవాడు. వెనక చుక్కల మధ్య జరిగితే తోకచుక్క కావచ్చని ఆశ. 1758లో పారిస్‌లో మెస్సియే ఒక తోకచుక్క వెంట పడి, వృషభరాశిలో కదలని మచ్చ చూసి బోల్తా పడ్డాడు. ఇంకోసారి పడకూడదనే అలాంటి మచ్చల పట్టిక మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, అందులో మొట్టమొదటిదైన ఆ మచ్చ, 1054లో జనం చూసిన సూపర్‌నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం, శిథిలం!

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలోని పదిహేనంగుళాల గ్రబ్ టెలిస్కోపు నాకు పెద్దమ్మ వరుస. ఆ అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుకే వైను బప్పు. 1949లో హార్వర్డ్‌లో ఫోటో పలకను పరిశీలిస్తూ కొత్త తోకచుక్కను పట్టాడు. దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరొచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు సారు గొంతు డాబా దాటి వినిపించేది.

నాకూ ఒక రాత్రి ఉంది. 1993 మార్చి 28న స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో గార్సియా అనే ఔత్సాహికుడు మెస్సియే పట్టికలోని ఎం81 గెలాక్సీలో అంతకుముందు లేని చుక్కను చూశాడు. హైదరాబాద్ మిత్రుడి ఉత్తరంలో మాకు కబురందింది. సారు నన్ను ఉత్తరానికి, సప్తర్షుల వైపు తిప్పి పాత పేజీ తీశాడు. పేజీలో లేని చుక్క నా అద్దంలో ఉంది. కోటి కాంతి సంవత్సరాలకు అవతల పేలిన నక్షత్రం, హనుమకొండ డాబా మీద! అది ఏ రకం పేలుడో చెప్పడం నా తరం కాదు. దానికి వెలుగును విడదీసే వర్ణపటం కావాలి. హైడ్రోజన్ గీతలుంటే రెండో రకం, లేకుంటే ఒకటో రకం. ఈ గడుసుది మొదట హైడ్రోజన్ చూపించి, కొన్ని వారాలకు దాన్ని మరుగుచేసి హీలియం బయటపెట్టింది. చివరికి రెండు–బి అనే మధ్యరకంలో చేర్చారు.

సారు రిటైరయ్యాడు. స్టోర్‌రూమ్ తాళంచెవి చేతులు మారింది. ఐపీస్‌ను ఎవరో భూతద్దం కింద పనికొస్తుందని పట్టుకెళ్లారు, మళ్లీ తేలేదు. వానాకాలపు చెమ్మకు అద్దం మీది అల్యూమినియం పూత మచ్చలు తేలింది. ఒక అటెండరు, మంచివాడే, నూనెగుడ్డతో గట్టిగా రుద్ది శుభ్రం చేశాననుకున్నాడు. నా మిగతా చూపు ఆ గుడ్డకే అంటుకుపోయింది. గొట్టంలో బల్లి గుడ్లు పెట్టింది. వీటన్నిటికీ ఓర్చుకున్నాను. నోటుబుక్కు పాత పేపర్లతో కలిసి కిలోల లెక్కన పోయింది చూడండి, దానికే ఓర్చుకోలేను. నేను చూడగలనే గానీ నిన్న ఏముందో గుర్తుపెట్టుకోలేను. ఆ పని దానిది.

2023 మే 19న జపాన్‌లో ఇటగాకి అనే ఆయన ఎం101 గెలాక్సీలో ఒక సూపర్‌నోవాను కనిపెట్టాడు. నాలాంటి అద్దానికి అందే వెలుగే. వేసవి సెలవులు, బడికి తాళం. జూన్‌లో కిటికీ అవతల పిల్లలు ఫోన్‌లో చదువుకుంటుంటే విన్నాను.

ఆగస్టు 23న, చంద్రయాన్–3 దిగిన రోజు, నన్ను బయటికి తెచ్చారు. ఎంత మురిసిపోయానో! దులిపారు, దండ వేశారు. ఒక పెద్దమనిషి వంగి నా కింది కొసకు కన్ను ఆనించి ఫోటో దిగాడు. అక్కడుండేది అద్దం వీపు. చూడాల్సింది పైన, పక్కనుంచి. పై మూత కూడా ఎవరూ తీయలేదు.

ఏటా మార్చిలో స్టాకు తనిఖీకి వస్తారు. గుమ్మం దాటరు. అక్కణ్నుంచే చూసి రిజిస్టర్‌లో రాసుకుంటారు: "టెలిస్కోపు – 1. పనిచేయుచున్నది."