పిల్లలకు పనికిరాని హోటల్

అరకు నుంచి పాడువా మీదుగా సెమిలిగుడ పోయే దారిలో నందపూర్ వస్తుంది. ఇవాళ చూస్తే చిన్న బజారు, చుట్టూ కొండలు. ఒకప్పుడు రాజధాని. 17వ శతాబ్దంలో రాజులు జయపురం తరలిపోయారు కానీ, వాళ్ళు కూర్చున్నదని చెప్పే ముప్పై రెండు మెట్ల రాతి సింహాసనం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఈ కోరాపుట్ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. అందుకే ఇక్కడ టీ ఒడియాలో అడిగినా, చిల్లర తెలుగులో లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు తగులుతూనే ఉంటారు.

నాది రాయగడ. మందుల కంపెనీ ఉద్యోగం కాబట్టి ఊళ్ళు తిరుగుతుంటాను. నందపూర్ వస్తే నా తిండి ఒక తెలుగాయన హోటల్లో. వాళ్ళ తాత మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టే రోజుల్లో సాలూరు నుంచి కూలిపనికి వచ్చాడట. 1955లో అక్కడ కరెంటు పుట్టింది. కూలీలు ఎక్కడివాళ్ళక్కడికి పోయారు. తాత మాత్రం పోలేదు, నందపూర్‌లో ఇడ్లీ పాత్ర పెట్టుకున్నాడు. మనవడి చేతికొచ్చేసరికి ఆ పాత్ర కాస్తా ఆరు బల్లల హోటలైంది. పాలిటెక్నిక్ చదివే కొడుకు దాన్ని గూగుల్ మ్యాప్‌లోకి కూడా ఎక్కించాడు.

డిసెంబరు ఆదివారం. 1,672 మీటర్ల దేవమాలి కొండ మీద మంచు చూడ్డానికి విశాఖ వైపు జనం ఎగబడే రోజులు. నేను ఇడ్లీ ముందు కూర్చున్నానో లేదో, ఏపీ నంబర్ల కార్లు రెండు వచ్చి ఆగాయి. అన్నదమ్ములిద్దరి కుటుంబాలు, తాతా మామ్మా. పిల్లల్లో ఎవరు ఏ కారు తాలూకో చెప్పడం కష్టం. దారి పొడుగునా ఇటు వాళ్ళటూ అటు వాళ్ళిటూ మారుతూ వచ్చినట్టున్నారు.

"రండి బావూ, కూకోండి" అన్నాడు హోటలాయన.

ఎవరూ కూర్చోలేదు. పెద్దన్నగారు నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదకి ఎత్తి, ఫోను తీసి, హోటల్ పేరు కొట్టి చూశాడు.

"రేటింగ్ పర్వాలేదు. కానీ రాసినవాళ్ళంతా లారీ డ్రైవర్లలా ఉన్నారు. ఫ్యామిలీస్ వస్తాయా ఇక్కడికి?"

"డ్రైవర్లకి మాత్రం ఫ్యామిలీ ఉండదేటి బావూ?" అన్నాడు హోటలాయన నవ్వుతూ.

పెద్దన్నగారు నవ్వలేదు. "కార్లకి పార్కింగ్ ఎక్కడ?"

"ఆపినారు కదా, అదే."

ఆయన భార్య ఈలోపు నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. సబ్బు ఉంది, హ్యాండ్‌వాష్ లేదు. తరవాత వరసగా అడిగింది. నీళ్ళు ఫిల్టర్‌వా? నూనె ఏ కంపెనీది? వాడిన నూనె మళ్ళీ వాడతారా? కూరలో రంగు వేస్తారా? వాటిలో తప్పుపట్టాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. పిల్లల తల్లి అన్నాక అడగాల్సినవే. హోటలాయన కూడా ఓపిగ్గానే చెప్పాడు. నీళ్ళు కాచి చల్లార్చినవి, నూనె డబ్బా ఇదిగో, రంగు మా తాత కాలం నుంచీ లేదు.

"పిల్లలకి హెల్దీగా ఏమైనా ఉందా?"

"చోడి అంబలి ఉన్నాది తల్లీ. పొద్దున్నే కాసినాం."

చోడి అంటే రాగులే. ఇక్కడి ఆదివాసులు మాండియా అంటారు. మాండియా పేజ్, అంటే ఈ అంబలే, తాగే పొలానికి పోతారు, తాగే బడికి పోతారు. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైమాటే. అంతే ఆవుపాలలో ఉండేది 120 చిల్లర. ఈ ధాన్యాన్ని జనం మరిచిపోకూడదని ఒడిశా ప్రభుత్వం 2017లో ఏకంగా మిల్లెట్ మిషనే పెట్టింది. ఇదంతా చెబుదామని నోరు తెరిచాను గానీ, ఆవిడ అప్పటికే తల అడ్డంగా ఊపేసింది.

"మావాడు అలాంటివి ముట్టడండీ. అందుకే రాగి కుకీస్ తెచ్చుకున్నాం."

చంటిపిల్లని ఎత్తుకున్న చిన్నకోడలు అడిగింది. "హై చైర్ ఉందా?"

హోటలాయన నా వంక చూశాడు. "చంటిపిల్లల్ని కూర్చోబెట్టే ఎత్తు కుర్చీ" అన్నాను.

"ఎత్తు కుర్చీ అంటే మా ఊర్లో ఒకటే ఉన్నాది తల్లీ. రాజుగారి సింహాసనం. ముప్పై రెండు మెట్లు."

తాతగారొక్కడే నవ్వాడు.

"కిడ్స్ మెనూ?"

"గుంటలకి వేరేగా ఏటుంటాది బావూ? మనం తిన్నదే. కారం తగ్గించి, చిన్న ముక్కలు చేసి పెడతాం."

"ప్లే ఏరియా?"

"ఎనకాల పెరడున్నాది. కోళ్ళున్నాయి, పిల్లలు పెట్టినాయి."

"కోళ్ళా!" అన్నారు తోటికోడళ్ళిద్దరూ ఒక్కసారే. చిన్నావిడ చంటిదాన్ని ఇంకొంచెం గట్టిగా హత్తుకుంది.

పదో తరగతి వయసు పిల్ల ఒకతి ఫోను గాల్లో తిప్పుతూ వైఫై అడిగింది. వీధిలోకి పోతే సిగ్నల్ వస్తుందన్నాడు హోటలాయన. ఆరేళ్ళవాడొకడు తండ్రి చొక్కా పట్టుకు లాగి ఏదో అడిగాడు. పెద్దన్నగారు ఫోన్లోంచి తలెత్తకుండా "సరే సరే" అన్నాడు. మామ్మగారు మాత్రం నా పళ్ళెం వంక చూసి, "ఇడ్లీ పొగలు కక్కుతోందిరా. పిల్లలకి ఆకలేస్తోంది. ఇక్కడే తినేద్దాం" అంది.

"అమ్మా, నువ్వుండు. పిల్లలతో వచ్చినప్పుడు ఎక్కడపడితే అక్కడ తినలేం" అన్నాడు పెద్దకొడుకు. "సెమిలిగుడ దగ్గర హైవే మీద ఒకటుంది. 4.6. కిడ్స్ జోన్, హై చైర్, అన్నీ ఉన్నాయి. అరగంట పైన, అంతే."

తలుపులు దభీదభీమని పడ్డాయి. రెండు కార్లూ దుమ్ము లేపుకుంటూ ఘాట్ రోడ్డు పట్టాయి.

హోటలాయన నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "కిడ్స్ మెనూ అంటే ఏటి బావూ నిజంగా?"

ఎప్పుడో పత్రికలో చదివింది చెప్పాను. 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. అంతవరకు పెద్ద హోటళ్ళకు మద్యం మీద మంచి రాబడి. పిల్లలంటే వాటికి గిట్టదు. మందు అమ్మకం పోయేసరికి కొత్త గిరాకీ కావాల్సి వచ్చి, పిల్లలూ మనుషులేనని గుర్తించాయి. 1921లో న్యూయార్క్ వాల్డార్ఫ్ అస్టోరియా పిల్లలకు వేరే మెనూ ఇచ్చింది. అలా ఇచ్చిన మొదటి హోటళ్ళలో అదొకటి. 1979లో మెక్‌డొనాల్డ్స్ తిండి డబ్బాలో బొమ్మ కూడా పెట్టింది. దాంతో కుటుంబమంతా ఎక్కడ తినాలో తేల్చే అధికారం ఇంట్లో అందరికంటే చిన్నవాడి చేతికి పోయింది.

"అయితే మందు అమ్మకం పోతే గుంటలు గుర్తొచ్చినారన్నమాట" అన్నాడాయన. అంత క్లుప్తంగా నేను చెప్పలేకపోయాను.

పెరట్లోంచి పిల్లల గోల వినిపిస్తోంది. ఆయన భార్య గొంతు కూడా. "కోడిపిల్లని అలా నొక్కీకూడదు. మెల్లిగా పట్టుకో. ఇంకోటి ఎయ్యనా? అంబలి మరికొంచెం పొయ్యనా?" ఆదివారం కదా, ఇరుగుపొరుగు పిల్లలు చేరినట్టున్నారు అనుకున్నాను.

రెండో కాఫీ తాగుతుండగా ఆయన ఫోను టింగుమంది. తెర చూసి, ఇంగ్లీషు కావడంతో నా చేతికిచ్చాడు. "ఏటో వచ్చినాది. చూడండి బావూ."

హోటల్ పేజీలో కొత్త రివ్యూ పడింది. ఐదింటికి ఒకే ఒక్క స్టారు. తెలుగు చేస్తూ చదివాను.

"పిల్లలతో వెళ్ళే కుటుంబాలకు ఈ హోటల్ ఏమాత్రం పనికిరాదు. హై చైర్ లేదు, కిడ్స్ మెనూ లేదు, ఆడుకునే చోటు లేదు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల భద్రత గురించి ఇక్కడ ఎవరికీ పట్టింపు లేదు."

హోటలాయన మొహం చిన్నబోయింది. "ఇడ్లీ బాగులేదంటే సర్దుకుందును బావూ. తిననైనా తినలేదు కదా!"

అప్పుడే పెరటి గుమ్మంలోంచి ఒక కుర్రాడు వచ్చాడు. మూతి మీద అంబలి మీసం, జేబులో కోడి ఈక. ఖాళీ పళ్ళెం బల్ల మీద పెట్టి, మా ఇద్దరి మధ్య నుంచి తల దూర్చి ఫోన్లోకి చూశాడు. రివ్యూ పక్కన గుండ్రటి ఫొటోలో నల్ల కళ్ళద్దాల మనిషి.

"అరె! మా నాన్న!" అన్నాడు.

కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. వీధిలోకి పరిగెత్తి చూశాం. రోడ్డు మీద ఒక మేక తప్ప ఏమీ లేదు.

"నువ్వు కారెక్కలేదేం నాన్నా?"

"కోడిపిల్లల్ని చూసొస్తానంటే నాన్న సరే సరే అన్నాడు." వాడికి భయమేమీ ఉన్నట్టు లేదు. "ఈ కారువాళ్ళు నేను బాబాయి కారులో ఉన్నాననుకుంటారు. బాబాయి వాళ్ళు ఈ కారులో ఉన్నాననుకుంటారు."

"నాన్న ఫోన్ నంబరు తెలుసా?"

"తెలీదు. అమ్మ ఫోన్ లాక్ తెలుసు. చెప్పనా?"

హోటలాయన భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేద్దామా అని ఒకరం, స్టేషన్‌కి కబురు పెడదామా అని ఒకరం అనుకుంటున్నాం. నా చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ రివ్యూ కింద, యజమాని జవాబు రాసుకునే చోటు కనిపించింది.

"రాయండి బావూ" అన్నాడాయన. ఆయన చెబుతుంటే తెలుగులోనే కొట్టాను.

"అయ్యా, మీ అబ్బాయి మా హోటల్లోనే ఉన్నాడు. నాలుగు ఇడ్లీలు తిన్నాడు. అంబలి తాగాడు. కంగారు పడకుండా నెమ్మదిగా రండి, ఘాట్ రోడ్డు."

హోటల్ చేతికొచ్చాక ఆయన ఒక రివ్యూకి జవాబు ఇవ్వడం అదే మొదలు.

ఇంకొంతసేపటికి ఫోను మోగింది. అవతల ముందు ఏడుపు, తరవాత ఎవరు ఎవర్ని చూసుకోమన్నారో అన్న తగువు, ఆ తరవాత "బయల్దేరాం" అన్న మాట. వచ్చాక మామ్మగారు చెప్పింది. సెమిలిగుడ హోటల్లో ఏసీ గదిలో పెద్ద బల్ల చుట్టూ అందరూ సర్దుకున్నారట. కిడ్స్ జోన్ చూశారట, బాగుందని మెచ్చుకున్నారట. సర్వరు వచ్చి, "పిల్లలు ఎంతమంది సార్? ఎన్ని కుర్చీలు వెయ్యాలి?" అని అడిగాడట. అప్పుడు లెక్కపెట్టారట. అదే సమయానికి పెద్దన్నగారి ఫోను టింగుమందట.

తల్లి కారు ఆగీ ఆగకముందే దూకి, కొడుకుని వాటేసుకుని, ఏడ్చి, వీపు మీద ఒకటిచ్చి, మళ్ళీ ఏడ్చింది. వాడు మాత్రం, "అమ్మా, ఇక్కడే తిందాం. అంబలి సూపర్" అన్నాడు.

మామ్మగారు ఎవర్నీ అడగలేదు. వచ్చి బల్ల ముందు కూర్చుని, "నాయనా, ఇడ్లీ పెట్టు" అంది. తాతగారు పక్కన కూర్చున్నాడు. ఆ వెనక ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. చంటిది మామ్మ ఒళ్ళో కూర్చుని చిదిపి పెట్టిన ఇడ్లీ తింది. నూనె ఏ కంపెనీదని ఎవరూ అడగలేదు.

పెద్దన్నగారు లేచి బిల్లు ఇచ్చాడు. దాని మీద ఐదొందల నోటు ఒకటి పెట్టబోతే హోటలాయన పుచ్చుకోలేదు.

"అది వద్దు బావూ. మీరు రాసింది మాత్రం కొంచెం మార్చండి. మావోడు చదివితే బాధపడతాడు."

"తప్పకుండా అండీ. ఇప్పుడే" అన్నాడాయన. గొంతు నిజంగానే గద్గదమైంది. వీధిలోకి పోయి, సిగ్నల్ దొరికేచోట నిలబడి, అందరూ కారెక్కేదాకా శ్రద్ధగా ఏదో కొట్టాడు. ఈసారి తలలు లెక్కపెట్టింది మామ్మగారు.

ఆ రాత్రి కోరాపుట్‌లో బస చేసి ఆ పేజీ తెరిచి చూశాను. ఒక్క స్టారు మూడయ్యింది. కింద రాసి ఉంది: "యజమాని చాలా మంచివాడు. పిల్లల్ని సొంత పిల్లల్లా చూసుకుంటారు. పార్కింగ్ లేదు కాబట్టి రెండు స్టార్లు తగ్గించాను."