మూడున్నర రూపాయల వడ్డీ

మా మనవడు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కంపెనీలో చేరాడు. 2022లో జిల్లాను రెండు చేశాక పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు అదీ అనంతపురమే. మొదటి జీతం పడీపడకముందే క్రెడిట్ కార్డు ఎంచుకునే పనిలో పడ్డాడు. ఫోన్‌లో నాలుగైదు కార్డులు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకదానికి విమానాశ్రయం లాంజ్ ఉచితం, ఒకదానికి సినిమా టికెట్టు మీద తగ్గింపు, ఇంకోదానికి పెట్రోలు మీద సర్‌చార్జి మాఫీ. అనంతపురంలో విమానం ఎక్కే చోటే లేదు. పుట్టపర్తిలో 1990 నాటి విమానాశ్రయం ఉన్నా మామూలు జనం టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానాలు అక్కడికి రావు. లాంజ్‌లో కూర్చోవాలంటే బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి దాకా బస్సులో పోవాలి. మా వాడు అంతవరకూ ఎర్రబస్సు తప్ప ఎక్కి ఎరగడు.

"వడ్డీ ఎంతరా?" అని అడిగినాను.

"వడ్డీ ఉండదు తాతా. యాభై దినాలు ఫ్రీ."

"యాభై దినాలు దాటితే?"

"అప్పుడు చూద్దాంలే తాతా."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. మా రోజుల్లో అప్పుకు పోయిన మనిషి నోట మొట్టమొదట వచ్చే మాట వడ్డీ ఎంత అనే. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా వేళ్ళ మీద లెక్క కట్టేది. నూటికి నెలకు రూపాయా, రూపాయిన్నరా, రెండా? రెండు రూపాయలంటే బరువైన వడ్డీ. మూడంటే ఇంక గతిలేనివాడు తెచ్చుకునేది. అయిదంటే తీసుకున్నవాణ్ణి చూసి ఊరు జాలిపడేది, ఇచ్చినవాణ్ణి తిట్టుకునేది. మహిళా సంఘాల అప్పులకు వడ్డీ తగ్గించినప్పుడు ప్రభుత్వమే ఆ పథకానికి పావలా వడ్డీ అని పేరు పెట్టింది. జనం వడ్డీని అట్లాగే కొలుస్తారని దానికీ తెలుసు.

మావాడి చేత ఆ కార్డు షరతులు తెరిపించినాను. వేలితో తోసుకుంటూ పోతే ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. నెలకు 3.5 శాతం. అంటే మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి నూటికి 42. ఇంకో కార్డు తెరిస్తే 3.75, ఏడాదికి 45. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. మా ఊళ్ళో ఎంత రాతిగుండె షావుకారైనా వడ్డీ మీద పన్ను వేయలేదు.

వాళ్ళ నాయన దగ్గరా ఒక క్రెడిట్ కార్డు ఉంది, 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు. పంట అప్పు 3 లక్షల దాకా 7 శాతం, గడువులోపల కడితే 4 శాతమే. నూటికి నెలకు 33 పైసలన్నమాట. నాయన సేద్యానికి 33 పైసలు, కొడుకు సెల్‌ఫోనుకు మూడున్నర రూపాయలు. ఒకే గడప లోపల పది రెట్ల పైన తేడా! కార్డుల మీద ఏడాదికి 30 శాతం మించి గుంజకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఒక తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అడ్డు కూడా పోయింది.

వడ్డీ కన్నా నాకు ఎక్కువ భయం మినిమమ్ డ్యూ అనే అంకెను చూస్తే. 40,000 బాకీ ఉంటే 2,000 కడితే చాలంటుంది బిల్లు. పిల్లవాడు అమ్మయ్య అనుకుంటాడు. మూడున్నర వంతున నెల వడ్డీ 1,400, దాని మీద జీఎస్టీ 252. కట్టిన 2,000లో అసలు కింద పడేది 348 రూపాయలు. అంతటితో పోదు. మొత్తం కట్టలేదు కాబట్టి ఆ యాభై దినాల ఉచితం కూడా పోతుంది. మర్నాడు టిఫిన్ తిని కార్డుతో కట్టిన డబ్బుకు కూడా ఆ దినం నుంచే వడ్డీ నడుస్తుంది. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే మొదటినుంచీ ఉచితం అనేదే లేదు.

ఈ కథ మాకు కొత్తది కాదు. మాది ఎర్రనేల. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ వచ్చిన ఏడాది. శెనక్కాయ తప్ప వేరే పంట తెలియని సేద్యం. జూన్, జులైలో పదును దొరికితే అప్పు చేసి విత్తనం వేస్తాం. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే కాయ పట్టదు, పశువులకు కట్టె మిగులుతుంది. బ్యాంకుకు కట్టేదెట్లా? షావుకారు దగ్గర ఒకటి రెండు దినాలకు డబ్బు తెచ్చేవాళ్ళు. పాత అప్పు తీరినట్టు రాయించి, అక్కడికక్కడే కొత్త అప్పు ఎత్తి, షావుకారు డబ్బు కమీషనుతో సహా అతని చేతిలో పెట్టేవాళ్ళు. రెన్యువల్ అనేవాళ్ళం దాన్ని. రైతు జేబులోకి ఒక్క రూపాయి రాదు, పుస్తకంలో అంకె మాత్రం ఏటేటా పెరుగుతుంది. ఎండిపోయిన బోర్ల అప్పులు దానికి తోడై ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో దీపాలార్పినాయో మా తరానికి తెలుసు. ఆ ఇళ్ళ పిల్లలే ఇప్పుడు బెంగళూరులో కూర్చుని ఒక కార్డు బిల్లు ఇంకో కార్డు డబ్బుతో కడుతున్నారు. సేద్యం వదిలేసినారు గానీ రెన్యువల్ వదల్లేదు. నా కడుపు మండేది ఇక్కడే.

మా రోజుల్లో అన్నీ బాగుండినాయని నేను చెప్పను. భూమి లేనివాడికీ, కౌలుకు చేసుకునేవాడికీ, దళితవాడలోని మనిషికీ, మగదిక్కు లేని ఆడమనిషికీ అప్పు పుట్టేది కాదు. పుట్టినా ఎక్కువ వడ్డీకే. 1979లో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు వచ్చినాకే చిన్నరైతు బ్యాంకు గడప తొక్కినాడు. దేశంలో మొదటి క్రెడిట్ కార్డు 1980లో సెంట్రల్ బ్యాంకు ఇచ్చింది. మరుసటి ఏడు మన ఆంధ్రా బ్యాంకు ఇచ్చింది. ఆ కార్డులు మాబోటి పల్లెటూరి అయివార్ల కంట పడేవి కావు. ఈరోజు జీతం చీటీ చూపిస్తే కులమేమిటి, ఎవరి కొడుకువు అని అడగకుండా కార్డు ఇస్తున్నారు. అది మంచిదే, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటా.

కానీ మాకు స్కూటరు అప్పు కావాలంటే సాటి అయివార్లు ఇద్దరు జామీను నిలబడాల. మనం ఎగ్గొడితే వాళ్ళ జీతంలోనుంచి కోత. అందుకని సంతకం పెట్టేముందు స్టాఫ్ రూములో కూర్చోబెట్టి నిలదీసేవాళ్ళు. స్కూటరెందుకు, సైకిలుకేమైంది? బిడ్డ పెళ్ళి పెట్టుకుని ఇప్పుడెందుకు ఈ కంతులు? వాళ్ళను ఒప్పించలేక అప్పు మానుకున్నవాళ్ళు ఎంతమందో. ఇప్పుడు పిల్లవాడు అర్ధరాత్రి మంచం మీద పడుకుని ఒక ఓటీపీ కొడితే లక్ష రూపాయల పరిమితి తెరుచుకుంటుంది. ఎందుకురా అని అడిగే మనిషి ఒక్కడు లేడు. అందుకే ఆ పని నేను పెట్టుకున్నాను, మావాడు ఎంత విసుక్కున్నా సరే.

కార్డే వద్దని మాత్రం చెప్పలేదు. రేపు ఇల్లు కట్టుకోవడానికి అప్పుకు పోతే బ్యాంకువాడు సిబిల్ స్కోరు చూస్తాడు. 300 నుంచి 900 లోపల ఒక అంకె. అప్పు చేసి సకాలంలో తీర్చిన చరిత్రే లేకపోతే ఆ అంకె రాదు. కాబట్టి మొదటి కార్డు ఏడాది ఫీజు లేనిది, పరిమితి తక్కువున్నది తీసుకోమన్నాను. జీతం లేని చదువుకునే పిల్లలైతే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దానిమీద కార్డు తీసుకోవచ్చు, పరిమితి ఆ డిపాజిట్‌కు లోబడే ఉంటుంది. బిల్లు మొత్తం జీతం ఖాతాలోనుంచి దానంతటదే పోయేటట్టు పెట్టించినాను. అక్కడ మినిమమ్ అనే గడి ముందే టిక్కు పెట్టి ఉంటే తీయించి, మొత్తం అనేది పెట్టించినాను. ఏడాదికొకసారి సిబిల్ నివేదిక ఉచితంగా వస్తుంది, తెప్పించుకుని నీ పేరుమీద నీకు తెలియని అప్పు ఏదైనా ఉందేమో చూసుకోమన్నాను. అడగని కార్డు ఇంటికి పంపకూడదనీ, బాకీ లేని కార్డు మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూసేయాలనీ, ఆలస్యం చేస్తే దినానికి 500 వంతున మనకే కట్టాలనీ రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. ఆ నియమాలు ఎంతమంది పిల్లలకు తెలుసు? లాంజ్ సంగతి మాత్రం అందరికీ తెలుసు.

అదే నియమాల్లో, దరఖాస్తుతో పాటు వడ్డీ, రుసుములు రాసిన ఒక పేజీ కాగితం ఇవ్వాలని కూడా ఉంది. మావాడికీ వచ్చింది. మొత్తం ఇంగ్లీషులో ఉంది. మా ఊళ్ళో ప్రోనోటు రాసేటప్పుడు కరణం అరుగు మీద పది మందిలో తెలుగులో గట్టిగా చదివి వినిపించేవాడు. అసలెంత, వడ్డీ ఎంత, ఏ తేదీ నుంచి అని వినిపించినాకే రెవిన్యూ స్టాంపు మీద సంతకమో వేలిముద్రో పడేది. సాక్షులు కూడా అది విన్నాకే సంతకం చేసేవాళ్ళు. కార్డు తీసుకోమని మావాడికి ఫోన్ చేసిన అమ్మాయి పావుగంట సేపు ఎంత చక్కటి తెలుగు మాట్లాడిందో నేను పక్కనే ఉండి విన్నాను. అమ్మడానికి వచ్చిన తెలుగు, వడ్డీ చెప్పేకాడికి ఎందుకు రాదు? ఆ ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేసి, నెలకు నూటికి ఇన్ని రూపాయలు అని పైనే పెద్ద అక్షరాల్లో రాయమని ఆ బ్యాంకుకు ఉత్తరం రాసినాను. జవాబు రాలేదు. ఈసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.