పులికాట్‌లో నా చప్పట్లు

ఫ్లెమింగో రెక్కలు ముడుచుకుని నీళ్లలో నిలబడితే దూరానికి తెల్లగానే కనబడుతుంది. దాని రంగంతా రెక్కల మడతలో దాగి ఉంటుంది. ఎగిరినప్పుడే ఆ గులాబీ ఎరుపు, దాని వెంబడి నల్లటి ఈకల అంచు ఒక్కసారిగా బయటపడతాయి. మంద మొత్తం ఒకేసారి లేచే దృశ్యాన్ని ఫోటోల్లో చూసి ఏళ్ల తరబడి కలగన్నాను. ఆ కల కోసమే పులికాట్ సరస్సులో బురదలోకి దిగి, పిల్లలందరూ చూస్తుండగా గట్టిగా చప్పట్లు కొట్టి, మేస్తున్న పక్షుల్ని లేపేశాను. ఎవరూ చేయమనలేదు. తెలియక చేశానని కూడా అనలేను. తెలుసుకోవలసినవన్నీ నా ఇంట్లో, పుస్తకాల అలమరలోనే ఉన్నాయి.

మాది పుంగనూరు. ఉద్యోగం చేసిందంతా మదనపల్లెలో. పక్షుల మీద మనసు పడింది వయసు మళ్లాక. అందుకు మదనపల్లె కంటే మంచి చోటు దొరకదు. దగ్గర్లోనే హార్సిలీ కొండలు, రిషివ్యాలీ. రిషివ్యాలీ లోయను 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పక్షుల గురించి రంగస్వామి, శ్రీధర్ గార్లు కలిసి రాసిన ఇంగ్లీషు పుస్తకం 1993లో వచ్చింది. లోయలో ఏ పక్షులు ఉన్నాయన్నది అందులో ఒక సగమైతే, బోడిగా మారిన నేలలో చెట్టూ పొదా మళ్లీ పెరిగితే పక్షులు ఎలా తిరిగొస్తాయన్నది రెండో సగం. నేను మొదటి సగం మాత్రమే చదివాను. చూసిన పక్షి పేరు పక్కన పెన్సిలుతో గీత పెట్టుకోవడం, చూడనివాటి కోసం తిరగడం, ఇదే నా పక్షిశాస్త్రం.

హార్సిలీ కొండల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలోని బండరాళ్ల కొండల్లో, ముళ్లపొదల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదది. మనిషి అలికిడికే తప్పుకునే పిట్ట. దాన్ని ఎంత వెతికినా దొరక్కపోతే, ఒక పరిచయస్థుడు ఉపాయం చెప్పాడు. దాని కూతను ఫోన్‌లో పెట్టి వినిపిస్తే తానే వస్తుందన్నాడు. పెట్టాను. వచ్చింది. కొమ్మ చివర నిలబడి, తల అటూ ఇటూ తిప్పుతూ, ఆత్రంగా బదులు పలికింది. నాకు అది విద్య అనిపించింది. తర్వాత కొండకు ఏ బంధువు వచ్చినా ఫోన్ తీసి ఆ పిట్టను పిలిచి చూపించేవాణ్ణి. అందరూ నన్ను ‘పక్షుల సారు’ అనడం మొదలుపెట్టారు. ఆ పేరు నాకు బాగా నచ్చింది. జరిగిన తప్పుకు వేరు అక్కడే ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

పులికాట్‌కు పోదామన్నది కూడా నేనే. శివరాత్రి ఇంకా రాలేదు, తెల్లవారుజామున చలి మిగిలే ఉంది. కుప్పంలో మిత్రుడి కుటుంబాన్ని ఎక్కించుకుని బయలుదేరిన వ్యాను పలమనేరు మీదుగా పుంగనూరు వచ్చి మమ్మల్ని, ఆ తర్వాత మదనపల్లెలో మిగతావాళ్లను ఎక్కించుకుంది. పీలేరు, తిరుపతి దాటి శ్రీకాళహస్తి చేరేసరికి పిల్లలు నిద్ర లేచారు. అక్కడి నుంచి నాయుడుపేట దాకా వ్యానులో ముందు నిలబడి పక్షుల గురించి చెబుతూనే ఉన్నాను. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని, హిమాలయాలు దాటుకుని మన దగ్గరికి పురుడు పోసుకోవడానికి వస్తాయని చెప్పాను. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

చెప్పింది తప్పు. ఆ మాటను ఎన్నో చోట్ల విని, ఒక్కసారీ సరిచూసుకోకుండా అప్పగించేశాను. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు దక్షిణాసియా పక్షులే. వాటికి సైబీరియాతో సంబంధం లేదు. ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్లు కట్టేది కచ్ రణ్ ఉప్పునేలల్లో. సలీం అలీ 1940లలో అక్కడికి వెళ్లి చూసి రాశారు. ఉత్తరాది చలిదేశాల నుంచి నిజంగా హిమాలయాలు దాటి వచ్చేవి సూదితోక బాతులు, పట్టతల బాతుల్లాంటివి. అవి ఇక్కడికి వచ్చేది తిండి కోసం. పిల్లల్ని కనేది తిరిగి వెళ్లాక, తమ చోటనే. ఈ తేడా తెలిసి ఉంటే ఆ సాయంత్రం నా చేతులు చప్పట్లకు లేచేవి కావేమో.

పొద్దున నేలపట్టులో బాగానే గడిచింది. దొరవారిసత్రం దగ్గర ఆ చెరువు, 1976లో అభయారణ్యమైంది. నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్ల నిండా గూళ్లు. గూడబాతు పిల్లలు అప్పటికే పెద్దవై, తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపల కోసం పోట్లాడుతున్నాయి. ఆ చేపల్లో చాలావరకు పులికాట్ నుంచి తెస్తాయి. పెద్ద పక్షులు వంతులవారీగా అటు ఎగిరిపోయి, సంచి నింపుకుని వస్తుంటాయి. రెట్టలు కలిసిన ఈ చెరువు నీరు పారితే పొలానికి వేరే ఎరువు అక్కర్లేదని చుట్టుపక్కల రైతులు చెబుతారు. అక్కడ చూసే మంచె ఉంది, హద్దు ఉంది, కాపలా ఉంది. కాబట్టి నేను కూడా బుద్ధిగానే ఉన్నాను.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రెండు వైపులా నీళ్లే. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. శీతాకాలం చివరికి ఉత్తరం వైపు నీరు తగ్గుతూ వస్తుంది. ఎండాకాలానికి చాలా మేర ఎండి బీటలు వారుతుంది. అందుకే మాఘమాసంలో పక్షులు మిగిలిన నీటి మడుగుల్లోకి గుమిగూడుతాయి, రోడ్డుకు దగ్గరగా కూడా వస్తాయి. మేం అటకానితిప్ప చేరక ముందే ఒక చోట మంద కనబడింది. ఫ్లెమింగో మేయడం చూడవలసిందే. ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి తోస్తూ, ముక్కు అంచున ఉన్న జల్లెడ పళ్లతో సన్నటి రొయ్యల్లాంటి జీవుల్ని, నాచును వడగట్టుకుంటుంది. ఆ తిండిలోని రంగే దాని ఒంటికి ఎక్కుతుంది. పిల్లపక్షులు బూడిద రంగులో ఉంటాయి, గులాబీ రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంటే ఆ రెక్కల ఎరుపు అన్నాళ్లు ఓపిగ్గా వడగట్టుకుని తిన్న తిండి.

శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్ బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతున్నా పక్షులు తల ఎత్తడం లేదు. బండ్లకు అలవాటు పడ్డాయి. కుప్పం మిత్రుడి మనవరాలు నా చెయ్యి పట్టుకుని, “తాతా, గులాబీ రంగన్నావు గదా, తెల్లగుండాయే?” అంది.

ఆ పసిదానికి ఇంకాసేపు నిలబడి చూద్దామమ్మా అని చెప్పి ఉండాల్సింది. పొద్దు వాలేవేళకు అవి తమంతట తామే లేస్తాయి, చోటు మారతాయి. ఆగలేకపోయాను. అంత దూరం అందర్నీ లాక్కొచ్చాక ‘పక్షుల సారు’ ఏదో చూపించి తీరాలి. చెప్పులు విడిచి బురదలోకి దిగాను. కాలినడకన మనిషి వస్తున్నాడని గ్రహించి, ముందు వరసలో పక్షులు మెడలెత్తాయి. మేత ఆపి, అడుగులో అడుగేసుకుంటూ జరగసాగాయి. ఆ హెచ్చరికను కళ్లారా చూసి కూడా చప్పట్లు కొట్టాను.

లేచాయి. ఫ్లెమింగో నిలబడ్డ చోటు నుంచి ఎగరలేదు. నీటి మీద కొన్ని అడుగులు పరుగెత్తి, పొడవాటి కాళ్లను వెనక్కి చాచుకుని లేస్తుంది. నీళ్లు చిమ్మాయి. ఆకాశం ఒక వైపంతా ఎరుపు, నలుపు. నేను కలగన్నదానికంటే గొప్పగా ఉంది. ఆ మాట దాచను. రోడ్డు మీద మా వాళ్లు కేకలు వేశారు. ఎవరో వీడియో తీశారు. పక్షులు ఒక చుట్టు చుట్టి, శ్రీహరికోట వైపు దూరంగా పోయాయి. మా వెనక ఆగిన కార్లలోంచి కొందరు యువకులు దిగి, అవతలి పక్క మడుగులో ఉన్న మందను చూసి తామూ చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. అవీ పోయాయి.

బురదలోంచి ఒడ్డుకొస్తుంటే, చేతులతో రొయ్యలు దేవుకుంటున్న ఒక పెద్దామె నడుం నిటారు చేసి నా వైపు చూసింది. “మేస్తా ఉండె గదా సార్, ఎందుకు తోలేస్తిరి?” అంది. గొంతులో కోపం లేదు. కారణం ఏదైనా ఉందేమో తెలుసుకుందామని అడిగినట్టే ఉంది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆమె మళ్లీ వంగి తన పని చూసుకుంది.

మా నాయన పుంగనూరు ఆవుల్ని సాకినవాడు. కరువు ఏట ఎక్కడో గుప్పెడు పచ్చిక మిగిలిన చోట ఆవు మేస్తుంటే, దాన్ని అదిలించినవాణ్ణి ఆయన క్షమించేవాడు కాదు. నేను చేసింది అదే. నీరు తగ్గుతున్న కాలంలో ఆ పక్షుల కాలిలోతుకు సరిపోయే మడుగులు రోజురోజుకూ కరిగిపోతుంటాయి. లేపిన ప్రతిసారీ మేత వేళ పోతుంది, తిన్న తిండి బలం కూడా ఎగరడానికే పోతుంది. ఫ్లెమింగోలతో పాటు లేచిన సూదితోక బాతుల సంగతి ఇంకా కష్టం. మాఘ ఫాల్గుణాలు వాటికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులు. ఆ కొవ్వుతోనే హిమాలయాలు దాటాలి. నేను పిల్లలకు వ్యానులో అంత ఉత్సాహంగా వర్ణించిన ఆ ప్రయాణపు తిండినే నా చేతులతో చెదరగొట్టాను.

తిరుగు దారిలో హార్సిలీ కొండ పిగిలిపిట్ట గుర్తుకొచ్చింది. కొమ్మ చివర నిలబడి అది నాకు దర్శనం ఇచ్చిందనుకున్నాను ఇన్నాళ్లూ. దాని హద్దులోకి మరో పిట్ట చొరబడిందని భయపడి, మేతనో గూటినో వదిలేసి కొట్లాటకు వచ్చింది. అటువైపు అసలు ఎవరూ లేరు. నా జేబులో ఫోన్ ఉంది, అంతే. బంధువులు వచ్చినప్పుడల్లా ఆ ఒక్క పిట్టనే పదే పదే అలా పిలిచి అలసగొట్టాను.

మా పక్క జిల్లా కడపలో కలివికోడి ఉంది. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న పక్షి 1986లో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పక్షి కంటికి దొరకదు. తర్వాత దాన్ని పరిశోధించినవాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వెళ్లి మట్టి మీద పడిన కాలిముద్రలు చదివారు. ఆ ముద్రల్ని బట్టే అది ఎక్కడెక్కడ తిరుగుతోందో తేల్చారు. పక్షి కనబడకపోయినా వాళ్ల పని ఆగలేదు. ఈ సంగతి నేను చదివి ఎన్నాళ్లో అయింది. చదివినప్పుడు పట్టనిది, పులికాట్ నుంచి వచ్చాక నిద్ర పట్టనివ్వలేదు.

వచ్చిన వారంలోనే పిల్లలందరికీ వేర్వేరుగా ఫోన్ చేశాను. సైబీరియా మాట తప్పని, చప్పట్లు అంతకంటే పెద్ద తప్పని చెప్పాను. పెద్దవాళ్లు కొందరు, “పోనీలే అన్నా, పక్షులేగా, మళ్లీ దిగుంటాయి” అన్నారు. పిల్లలు అలా అనలేదు. కుప్పం పాప చాలాసేపు మాట్లాడలేదు. “మరి నేను అడిగినందుకే గదా తాతా నువ్వు కొట్టింది?” అంది చివరికి. కాదమ్మా, నువ్వు అడిగింది ప్రశ్న, నేను చేసింది నా గొప్ప కోసం అని చెప్పాను. అది నమ్మిందో లేదో తెలియదు. ఎనిమిదేళ్ల పిల్ల మనసులో అలాంటి బరువు పెట్టినందుకు కలిగిన బాధ, పక్షుల్ని లేపిన బాధకంటే నాకు తక్కువేమీ కాదు.

ఇప్పుడు కొండకు వెళ్తే ఫోన్ బయటికి తీయను. పులికాట్‌కు మళ్లీ వెళ్లినప్పుడు ఎవరినీ రోడ్డు దిగనివ్వలేదు. పొద్దు వాలేదాకా బండి పక్కనే నిలబడ్డాం. మంద మేస్తూనే ఉంది, రెక్క విప్పలేదు. తెల్లటి పక్షుల్నే చూసి వచ్చాం.

ఆ వీడియోను తీసేయమని అందర్నీ బతిమాలుకున్నాను. మా వాళ్లు తీసేశారు. కానీ అప్పటికే అది చాలా ఫోన్లకు చేరిపోయింది. సూళ్లూరుపేటలో జరిపే ఫ్లెమింగో పండగ రోజులు దగ్గరపడగానే ఎవరో ఒకరు, ఎంత బాగుందో చూడండి అంటూ తిరిగి నాకే పంపుతారు. మొదట వినబడేది చప్పట్ల చప్పుడే. పంపినవాళ్లకు ఫోన్ చేసి, ఆ చేతులు నావేనని, దయచేసి ఇంకెవరికీ పంపొద్దని చెబుతున్నాను.